దూరపు పరుగు – స్వల్ప సాధన

(గ్రంథాలయ రజతోత్సవ సభలో గావింపబడిన ఉపన్యాసము యొక్క పాఠము)



తెల్లవారుజామున పల్లెల నుండి పట్టణములకు పోవు తారురోడ్ల మీద నేడు కానవచ్చు దృశ్య మొకటి కలదు. పోలీసు ఉద్యోగములకును, సైన్యమునకును దరఖాస్తు పెట్టుకొన్న యువకులు గుంపులు గుంపులుగా పరుగులు తీయుచుందురు. ఆ ఉద్యోగములకు జరుపు దేహదారుఢ్య పరీక్షలో 1600 మీటర్ల పరుగు ముఖ్యమైనది. ఆ పరుగున ఆరితేరిన వారిలో కొందరు ఇప్పుడు హైదరాబాదు, విశాఖపట్టణము మొదలగు నగరములలో జరుగు దూరపు పరుగులకు తమ పేర్లు నమోదు చేయించుకొనుచున్నారు. పట్టణవాసులు హాఫ్ మారథాను అని పిలుచు అర్ధ మారథాను అట్టి పరుగులలో నొకటి. దాని దూరము 21 కిలోమీటర్ల 97½ మీటర్లు. పాత కొలతలో చెప్పవలెనన్న పదమూడు మైళ్లకు పైచిలుకు, అనగా రమారమి ఆరున్నర కోసులు.

పేరు వ్రాయించుకొనుట నిమిషములో ముగియు పని. సాధనకు మాత్రము వారములు, నెలలు కావలయును. నడుమ పరీక్షలు వచ్చును, నాట్లు వచ్చును, ఇంట పెండ్లి వచ్చును, జ్వరము వచ్చును. తుదకు పరుగు దినము ముంగిట నిలుచును. చేసిన సాధన చూడబోయిన చారెడు. పరుగెత్తవలసిన దూరము బారెడు. ఇట్టివాడు ఆ పరుగున పాల్గొనవచ్చునా? పాల్గొన్నచో ఎట్లు నడచుకొనవలెను? ఇదియే ఈనాటి ప్రసంగ విషయము. పైకి ఇది వినోదమునకు సంబంధించిన ప్రశ్నగా తోచును. కాని లోతున దీనియందు ఆరోగ్యము, ఒక్కొక్కప్పుడు ప్రాణము, పణముగా నున్నవి. కావున కొంచెము విచారింపదగినది.

మారథాను అనునది గ్రీకుదేశములోని ఒక ఊరి పేరు. క్రీస్తునకు పూర్వము 490వ సంవత్సరమున ఏథెన్సు పౌరులు అచ్చట పారశీక సైన్యము నోడించిరి. ఆ విజయవార్తను మోసికొని ఒక వార్తాహరుడు ఏథెన్సు వరకు ఆగక పరుగెత్తి, శుభవార్త పలికి, అచ్చటనే ప్రాణములు విడిచెనని లోకమున ప్రసిద్ధమైన కథ. వినుటకు రోమాంచముగా నుండును. కాని ఆ యుద్ధమునకు సమీప కాలమున చరిత్ర రచించిన హెరొడోటసు గ్రంథములో ఈ మరణకథ లేదు. అందున్నది వేరొకటి. యుద్ధమునకు ముందు సహాయము కోరుటకై ఫిడిప్పిడీసు అనువానిని స్పార్టా నగరమునకు పంపిరి. అతడు రమారమి 240 కిలోమీటర్లు పరుగెత్తి మరునాటికే అచ్చటికి చేరెను, చెప్పవలసిన మాట చెప్పెను, చావలేదు. అతడు వృత్తిచేతనే వార్తాహరుడు. పరుగెత్తి చనిపోయిన కథయో, ఆ యుద్ధమునకు ఇంచుమించు ఆరువందల యేండ్లకు పిమ్మటి రచయితలది. సాధన గలవాడు పని నెరవేర్చిన చరిత్ర మరుగున పడి, పరుగెత్తి మడిసినవాని కథ లోకమున కెక్కెను. పరుగున ప్రాణ మొడ్డుటయే వీరత్వమను భ్రమకు ఈ కథయే మూలము. ఆ భ్రమను మొట్టమొదట విడువవలయును.

ఇక కథను విడిచి చరిత్రకు వత్తము. 1896వ సంవత్సరమున ఏథెన్సులో ఆధునిక ఒలింపిక్ క్రీడలు తొలిసారి జరిగెను. ఫ్రెంచి పండితుడగు మిషెల్ బ్రేయల్ సూచనపై మారథాను నుండి ఏథెన్సు వరకు ఒక పరుగు ఏర్పాటు చేసిరి. దూరము రమారమి 40 కిలోమీటర్లు. నేటి పూర్తి మారథాను దూరమగు 42 కిలోమీటర్ల 195 మీటర్లు 1908 లండను క్రీడలలో మొదట పరుగెత్తబడి, 1921లో స్థిరపడినది. అందు సగమే అర్ధ మారథాను.

1896 ఏప్రిల్ 10వ తేదీ మధ్యాహ్నము పదునేడుగురు బయలుదేరిరి. వారిలో నలుగురు విదేశీయులు, తక్కినవారు గ్రీకులు. విదేశీయులలో మువ్వురు అప్పటికే ఆ క్రీడలలో కీర్తి నార్జించినవారు. ఆస్ట్రేలియా దేశీయుడు ఎడ్విన్ ఫ్లాక్ 800 మీటర్లలోను, 1500 మీటర్లలోను విజేత. అందొకటి ముందునాడే గెలిచినది. అమెరికా దేశీయుడు ఆర్థర్ బ్లేక్ 1500 మీటర్లలో ద్వితీయుడు. ఫ్రెంచి దేశీయుడు ఆల్బిన్ లెర్మూసియో అందే తృతీయుడు. ఈ మువ్వురికిని చిన్న దూరపు వేగ మున్నది. నలుబది కిలోమీటర్ల సాధన లేదు. నాలుగవవాడు హంగేరీ దేశపు గ్యూలా కెల్నర్. అతనికి వారివంటి పతకములు లేవు. కాని అంత దూరమును స్వదేశమున ముందే ఒకసారి పరుగెత్తి చూచుకొన్నవాడు.

లెర్మూసియో మొదటి నుండియు గాలివలె ముందు సాగెను. ఫ్లాక్, బ్లేక్ వెనువెంటనే నడచిరి. చూచువారు విజయము వారిదే యనుకొనిరి. దాదాపు 23 కిలోమీటర్ల యొద్ద బ్లేక్ విరమించెను. 32 కిలోమీటర్ల యొద్ద లెర్మూసియో కూలబడెను. అటుపై ముందంజ వేసిన ఫ్లాక్ 37 కిలోమీటర్ల ప్రాంతమున తూలి పడిపోయెను. కెల్నర్ మాత్రము నాలుగవవాడుగా గమ్యము చేరెను. తనకు ముందు చేరిన ఒక గ్రీకువాడు త్రోవలో కొంత దూరము బండియెక్కెనని తేలుటచే మూడవ స్థానము నతనికే యిచ్చిరి. వేగము గల మువ్వురును త్రోవలో నిలిచిపోయిరి. విదేశీయులలో దూర మెరిగినవాడొక్కడే చేరెను. ఇందు విశేషమేమన, ఫ్లాక్ వృత్తిచే లెక్కల మనిషి. లండనులోని ఒక పేరుపొందిన ఆడిటు సంస్థలో పనిచేయుచు సెలవుపై ఏథెన్సునకు వచ్చినవాడు. ఊరివారి జమాఖర్చులలో తప్పులు పట్టగల పెద్దమనిషియే ఆనాడు తన కాళ్ల జమాఖర్చులో పొరపాటు పడెను.

గెలిచినవాడు స్పిరిడాన్ లూయిస్, మారూసి గ్రామ నివాసి. ఏథెన్సునకు నీళ్లు చేరవేయుట అతని జీవనము. పరుగు నడుమ పికెర్మి గ్రామమున ఒక గుక్కెడు ద్రాక్షసారాయము పుచ్చుకొని, ముందున్నవారి సంగతి విచారించి, వారి నందరిని దాటెదనని నెమ్మదిగా పలికెనని చెప్పుదురు. అట్లే దాటెను. 2 గంటల 58 నిమిషముల 50 సెకండ్లకు క్రీడామైదానము చేరెను. అతని వెనుకవాడు ఏడు నిమిషములకు పిమ్మట వచ్చెను. లూయిస్ సాధన స్వల్పమని కొందరందురు. గ్రీకువారు జరిపిన ఎంపిక పరుగులో అతడు ఐదవవాడు మాత్రమే, నిజమే. కాని ఏండ్ల తరబడి నీటి బరువుతో ఎండలో రోడ్డు కొలిచిన కాళ్లకు సాధన లేదనుట న్యాయము కాదు. కాగితముపై వ్రాయని సాధన అది.

1600 మీటర్ల పరుగున నెగ్గి, అదే ధైర్యముతో 21 కిలోమీటర్లకు దిగు యువకుడు ఫ్లాక్ కథను మరువరాదు. చిన్న దూరమున గడించిన వేగము పెద్ద దూరమున చెల్లని నాణెము.

తెలుగువారికి ఈ తత్త్వము కొత్తది కాదు. తిక్కన సోమయాజి తెనిగించిన విరాటపర్వమున ఉత్తరకుమారుని వృత్తాంతము కలదు. గోవుల కౌరవులు పట్టుకొని పోయిరని విని, సారథి యొకడు దొరికిన చాలు, ఒంటిగనే గెలిచి వత్తునని అంతఃపురమున అతడు పలికెను. రథమెక్కెను. కౌరవసేన కంటబడగానే రథము దిగి పారిపోయెను. ఉత్తరకుమార ప్రజ్ఞలను మాట నేటికిని పల్లెలలో వినవచ్చుచున్నది. లోకులు ఈ కథను ఇంతటితో ఆపి నవ్వుదురు. కథ ఇంతటితో ముగియలేదు. తరువాయి భాగము ప్రసంగాంతమున అవసరపడును.

సాధన లేకయే గెలిచినవారు లేరా అని కొంద రడుగుదురు. వారు చూపు ఉదాహరణము ఎమిల్ జాటోపెక్. ఈ చెకోస్లొవేకియా వీరుడు 1952 హెల్సింకీ ఒలింపిక్సులో 10,000 మీటర్లు గెలిచెను. 5,000 మీటర్లు గెలిచెను. అటుపై జన్మలో ఎన్నడును మారథాను పరుగెత్తనివాడు మారథానుకు దిగి దానినిగూడ గెలిచెను. 2 గంటల 23 నిమిషముల 3 సెకండ్లు అతని కాలము. అయితే ఇందు గ్రహింపవలసినవి రెండు. మారథాను అతనికి కొత్త గాని పరుగు కొత్త గాదు; 400 మీటర్లను దినమునకు పదుల సార్లు మరల మరల పరుగెత్తి దేహమును ఇనుము చేసికొన్నవాడు. రెండవది మరింత ముఖ్యము. తనకు తెలియని దూరమని అతడు ఎరుగును. కావున అప్పటికి ఆ దూరమున లోకమున కెల్ల వేగవంతుడగు జిమ్ పీటర్స్ అను ఆంగ్లేయుని ప్రక్కన చేరి, ఈ వేగము సరియైనదేనా అని త్రోవలోనే అడిగెను. సరిపోదు, ఇంకను నెమ్మదియని పీటర్స్ బదులు చెప్పెనని ప్రసిద్ధి. పీటర్స్ ఆ పరుగు పూర్తిచేయలేకపోయెను. మూడు స్వర్ణపతకముల వీరుడే అడిగి తెలిసికొన్నప్పుడు, మూడు వారముల సాధకుడు అడుగుటకు సిగ్గుపడ నేల?

ఇప్పుడు దేహమను గృహమున ఆదాయవ్యయములు చూతము. పరుగునకు కావలసిన ఇంధనములో ముఖ్యమైనది కండరములయందును, కాలేయమునందును నిలువయుండు పిండి చక్కెర. శాస్త్రజ్ఞులు దానిని గ్లైకోజెను అందురు. సామాన్య దేహమున ఆ నిలువ రమారమి 2,000 క్యాలరీల పాటి. ఒక కిలోమీటరు పరుగునకు దేహభారములో ప్రతి కిలోగ్రామునకు ఇంచుమించు ఒక క్యాలరీ ఖర్చగును. 60 కిలోల మనిషి 21 కిలోమీటర్లు పోవుటకు 1,260 క్యాలరీలు. పూర్తి మారథానుకు 2,500 దాటును. కావున పూర్తి మారథానులో గాదె అడుగంటును. అర్ధ మారథానులో అడుగంటవలసిన పని లేదు. స్వల్ప సాధకునకు ఇది శుభవార్త. అయితే షరతు ఒకటి కలదు. నెమ్మదిగా పోవునప్పుడు దేహము కొవ్వును గూడ ఖర్చు చేసి పిండి చక్కెరను ఆదా చేయును. శక్తికి మించిన వేగమున పోవునప్పుడు ఆదా మాని చక్కెరనే తోడివేయును. సాధన తక్కువైనవానికి గాదె చిన్నది, చిల్లు పెద్దది. కనుక అతడు వేగమునకు పోరాదు.

రెండవ ఖాతా ఎముకలది, స్నాయువులది. ఊపిరి, గుండె కొలది వారములలో సాధనకు అలవాటు పడును. ఎముకలు, కండరములను ఎముకలకు కట్టు స్నాయువులు మాత్రము నెలలు తీసికొనును. ఊపిరి సరేయన్నను మోకాలు కాదనుట ఇందువలననే. పొలమున దినమంతయు నిలుచువారి కాళ్లు గట్టివి. అయినను నడకలో ఒక పాదమైనను నేల నంటియుండును, పరుగులో ప్రతి అడుగునకును దేహమంతయు గాలిలో లేచి నేలపై పడును. అట్టి తాకిడులు 21 కిలోమీటర్లలో వేలకు వేలు. కావున గట్టి కాళ్లవారు గూడ పరుగును పరుగుగా అలవాటు చేసికొనవలసినదే.

ఇక వేగమున పొదుపు ఎట్లుండునో లెక్కవేసి చూడదగును. ముగ్గురు మనుష్యులు అర్ధ మారథాను మొదలిడిరనుకొందము. మొదటివాడు గంటకు 10 కిలోమీటర్ల వేగమున దూకెను. గంటలో పది కిలోమీటర్లు ముగించెను. అంతట కాళ్లు పట్టివేసెను. మిగిలిన 11 కిలోమీటర్ల చిల్లరను గంటకు 5 కిలోమీటర్ల చొప్పున ఈడ్చుకొని నడచెను. అతని మొత్తము 3 గంటల 13 నిమిషములు. రెండవవాడు గంటకు 8 కిలోమీటర్ల వేగమున తుదివరకు నిలిచెను. అతనికి 2 గంటల 38 నిమిషములు. కాని స్వల్ప సాధకునకు అట్లు తుదివరకు నిలుచుట దుర్లభము. మూడవవాడు మొదటి నిమిషము నుండియు ఒక నియమము పెట్టుకొనెను: నాలుగు నిమిషములు అదే 8 కిలోమీటర్ల వేగమున పరుగు, ఒక నిమిషము గంటకు 6 కిలోమీటర్ల చొప్పున చురుకైన నడక. అతని సగటు గంటకు 7 కిలోమీటర్ల 600 మీటర్లు. మొత్తము 2 గంటల 47 నిమిషముల లోపు. దారి పొడవున విశ్రాంతి పుచ్చుకొన్నవానికి పోయినది ఎనిమిది నిమిషముల చిల్లర మాత్రమే. దూకినవానికంటె అతడు దాదాపు అరగంట ముందు చేరెను. నడచుట అవమానమని తలచువారు ఈ లెక్కను ఒకసారి తామే వేసికొందురు గాక. 1972 ఒలింపిక్సులో పరుగెత్తిన జెఫ్ గాలోవే అను అమెరికా దేశీయుడే ఈ పరుగు-నడక పద్ధతిని లోకమున ప్రచారము చేసెను. ఇందలి కీలక మొక్కటే: నడక అలసిన పిమ్మట కాదు, అలయక ముందే మొదలుకావలెను.

ఆరు వారముల వ్యవధి యున్నవాడు ఏమి చేయగలడు? ఐదారు కిలోమీటర్లు అవస్థ లేక పరుగు-నడకగా పోగలవానికి ఈ వ్యవధి చాలును. వారమునకు మూడు దినములు చాలు. నడుమ విశ్రాంతి దినములు తప్పనిసరి. రెండు దినములు నాలుగైదు కిలోమీటర్ల తేలిక పరుగు. మూడవ దినము దూరపు పరుగు: మొదటి వారము 8 కిలోమీటర్లు, పిదప 10, 12, 14, 16. ఆరవ వారమున దూరము తగ్గించి కాళ్లకు విశ్రాంతి నీయవలెను. 16 పోగలిగినవాడు పరుగు దినమున 21 పోగలడు. సాధనలో పూర్తి దూరము పోనవసరము లేదు. ఎంత వేగమున పోవలెనన్నచో, ప్రక్కవానితో ఒక పూర్తి వాక్యము ఆయాసము లేక పలుకగల వేగమున పోవలెను. మాట తెగినచో వేగము మించినట్లు. ఇంతకంటె చవకైన కొలమానము లేదు.

చాలమంది ఆఖరి వారమున మేల్కొందురు. పోయిన సాధననంతయు ఆ ఏడు దినములలో కుక్కి చేయజూతురు. పరీక్షకు ముందురాత్రి పుస్తకము తెరచు విద్యార్థి ఒకటి రెండు ప్రశ్నలైనను సంపాదించునేమో గాని, ఆఖరి వారపు పరుగు దేహమున బలముగా మారుటకు వ్యవధి లేదు. అలసట మాత్రము తప్పక జమయగును. ఇక ఐదు కిలోమీటర్లైనను పోలేనివాడు, ఆరు వారములు గూడ లేనివాడు, ఆ యేటికి చిన్న దూరము నెంచుకొనుట వివేకము. ఇట్టి ఉత్సవములలో సాధారణముగా 5, 10 కిలోమీటర్ల పరుగులును ఉండును. గుండెజబ్బు, రక్తపోటు, మధుమేహము గలవారును, నడివయస్సు దాటి కొత్తగా మొదలిడువారును వైద్యుని సలహా ముందుగా పొందవలెను.

పరుగు దినమున కొత్తది ఏదియు పనికిరాదు. భోజన సమయమున గాలికి దీపమారినను చేయి తానై నోటికి పోయినది చూచి, అభ్యాస మహిమ గ్రహించి అర్జునుడు చీకటిలో విలువిద్య సాధించెనని ఆదిపర్వము చెప్పుచున్నది. దేహము అభ్యసించినదే చేయును. కావున కొత్త బూట్లు, కొత్త బట్టలు, కొత్త ఆహారము ఆనాడు వలదు. ముందురాత్రి అలవాటైన అన్నమే మితముగా తినవలెను. ఉదయము రెండు గంటల ముందు రెండు ఇడ్డెనలో, ఒక అరటిపండో చాలును. నొప్పులు రాకుండుటకై ముందే నొప్పిమాత్రలు మ్రింగుట కొందరి అలవాటు. చెమటతో దేహము ఎండిన వేళ కొన్ని నొప్పిమాత్రలు మూత్రపిండములకు చేటు తెచ్చును. అట్లు చేయరాదు.

ఎండయే తెలుగుదేశపు పరుగున ప్రధాన శత్రువు. 1904లో అమెరికాలోని సెయింట్ లూయిస్ ఒలింపిక్సులో మారథాను ఆగస్టు మాసపు ఎండలో, దుమ్ము రోడ్లపై జరిగెను. త్రోవలో నీరు దొరకు తావులు ఒకటి రెండు మాత్రమే. 32 మంది బయలుదేరగా 14 మంది మాత్రమే చేరిరి. ఒకడు చావు తప్పి ఆస్పత్రి పాలయ్యెను. విశాఖవంటి సముద్రతీరమున ఎండ తక్కువైనను ప్రమాదము తక్కువ గాదు. గాలిలో తేమ హెచ్చినచో చెమట ఆరదు, ఆరని చెమట దేహమును చల్లబరుపదు. అట్టి దినమున గడియారమును మరచి వేగము తగ్గించుటయే మార్గము.

నీరు త్రాగనిచో ముప్పు అని అందరికి తెలియును. అతిగా త్రాగినను ముప్పే యని తెలిసినవారు తక్కువ. 2002లో అమెరికాలోని బోస్టను మారథాను ముగించినవారిలో 488 మంది రక్తమును పరీక్షింపగా, నూటికి 13 మందికి రక్తమున ఉప్పు ఉండవలసిన పాళ్లకంటె తగ్గియుండెను. పరుగునడుమ అతిగా ద్రవములు త్రాగి బరువు పెరిగినవారు, నెమ్మదిగా నాలుగు గంటలకు మించి పరుగెత్తినవారు వారిలో హెచ్చు. స్వల్ప సాధకుడు త్రోవపై ఎక్కువసేపు ఉండును గనుక ఈ మాట అతనికే ముఖ్యముగా చెందును. దప్పికయైనప్పుడు త్రాగవలెను, ప్రతి పందిరి యొద్దను కడుపు నింపరాదు. ముగిసిన పిమ్మట ఉప్పు వేసిన మజ్జిగ మంచిది.

మొత్తము మీద అపాయమెంత? 2000 నుండి 2010 వరకు అమెరికాలో మారథానులు, అర్ధ మారథానులు పరుగెత్తిన 1 కోటి 9 లక్షల మంది లెక్కలను వైద్యులు పరిశీలించిరి. 59 మందికి గుండె ఆగెను. వారిలో 42 మంది మరణించిరి. పూర్తి మారథానులో లక్షకు ఒకరు చొప్పున, అర్ధ మారథానులో ఇంచుమించు మూడు లక్షల డెబ్బది వేలకు ఒకరు చొప్పున ఈ ఆపద కలిగినది. భయపడి మానవలసినంత పెద్ద సంఖ్య కాదు. కాని ఆ ఒక్కని ఇంటివారికి అది లక్షలో ఒకటి గాదు, సర్వస్వము. కనుక ఆగవలసిన గుర్తులు ఎరిగియుండవలెను. ఛాతీలో నొప్పియో బరువో, కన్నులు చీకట్లు క్రమ్ముట, అడుగు తూలుట, మాట తడబడుట, ఎండలో ఒడలు గగుర్పొడిచి చలివేయుట — వీనిలో ఏ ఒక్కటి తోచినను తత్క్షణమే ఆగి సహాయము కోరవలెను. ప్రక్కవాడు తెలివి తప్పి అసంబద్ధముగా మాటలాడుచున్నచో అతనిని నీడకు చేర్చి, ఒడలంతయు చన్నీటితో తడిపి, 108కి కబురు చేయవలెను. తెలివి లేనివాని నోట నీరు పోయరాదు. వడదెబ్బలో ఆలస్యమే మృత్యువు. ఆనాడు తన పరుగు మాని ఒకని ప్రాణము కాచినవాడే నిజమైన విజేత.

ఆగుట ఓటమి కాదు. ఫ్లాక్ ఆ దినము ఏథెన్సు చేరలేదు. అంతమాత్రమున అతని రెండు విజయములను ఎవరును తుడిచివేయలేదు.

ఇక ఉత్తరకుమారుని కథలో మిగిలిన భాగము. పారిపోవు ఉత్తరుని అర్జునుడు పట్టుకొని, నీవు యుద్ధము చేయనక్కర లేదు, పగ్గములు పట్టుమని ధైర్యము చెప్పెను. ఆ బాలుడే మరల రథమెక్కెను. ఏ సేనను చూచి పారిపోయెనో ఆ సేనకే ఎదురుగా రథము నడపెను. గోవులు మరలి వచ్చెను. ఒక్క దినములోనే వాని సాధన పెరుగలేదు. పెరిగినది తన కొలత తెలియుట. అంతఃపురమున పలికిన ఉత్తరుడును, పగ్గములు పట్టిన ఉత్తరుడును ఒక్కడే. మొదటివానికి తన శక్తి ఎంతయో తెలియదు, రెండవవానికి తెలియును. కొలది సాధన దోషము కాదు. కొలదియని మరచుట దోషము. ఉన్న చారెడు విత్తనములనే పొలమంతటికి సరిపడునట్లు చల్లువాడు నేర్పరి సేద్యగాడు. గట్టు దగ్గరనే కుమ్మరించి పొలము నడుమ చేతులు దులుపుకొనువాడు కాడు.

గ్రంథాలయమును ఇరువదియైదు సంవత్సరములు నడపుటయు దూరపు పరుగే. ఒకనాటి ఊరేగింపు ఉత్సాహముతో అది ఇంత దూరము రాదు. చందాలు తగ్గిన ఏడును, వానకు కప్పు కారిన ఏడును, వేగము తగ్గించుకొనియైనను తలుపు మూయకుండుటవలననే ఏ గ్రంథాలయమైనను రజతోత్సవమునకు చేరును. దాని బల్లలయొద్ద కూర్చుండి చదువు యువకులలో ఎవరైనను రేపు దూరపు పరుగునకు పేరు వ్రాయించుకొన్నచో, మొదటి కిలోమీటరున అందరును దాటిపోవుచుండగా ఈ మాట స్మరించుకొందురు గాక: పరుగు మొదట వెనుకబడినవాని పేరు ఎవరును వ్రాసికొనరు, చివర క్షేమముగా చేరినవాని పేరు మాత్రము ఇంటివారందరును తలచుకొందురు.

స్వస్తి.